పాప స్వీట్లు దాచుకుని తింటోంది

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగాల వల్ల చెన్నై వేళచేరిలో ఉంటున్నాం. పాపకు ఎనిమిదేళ్లు. మా నాన్నకు, మామగారికి షుగర్ ఉండడంతో భయపడి, స్వీట్లు దాని కంట పడకుండా అటక మీద పెట్టేస్తాను. మొన్న జామెట్రీ బాక్సు తెరిస్తే సగం కొరికిన మైసూర్‌పాక్, దాని చుట్టూ చీమలు. అడిగితే "నేను కాదు" అంది. అత్తగారు కూడా చాటుగా పెడుతుంటారు. దీపావళి దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: పెద్దవాళ్లు షుగర్‌తో పడే అవస్థ కళ్లారా చూశారు కాబట్టి మీ భయం సహజమే. అయితే మీ ఉత్తరంలో నా మనసుకు గుచ్చుకున్నది ఆ "నేను కాదు" అన్న మాట. తిండి విషయంలో పిల్ల అమ్మకు భయపడుతోందమ్మా. ముందు పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, "స్వీటు తిన్నందుకు నాకు కోపం లేదు, ఇక దాచుకోనక్కర్లేదు, నన్నే అడుగు" అని చెప్పండి. అడిగినప్పుడు ఆ మాట నిలబెట్టుకోండి.

1999లో అమెరికాలో జెన్నిఫర్ ఫిషర్, లీన్ బర్చ్ అనే పరిశోధకులు చిన్నపిల్లల ముందు ఒక తినుబండారాన్ని పైకి కనబడేలా ఉంచి, కాసేపు మాత్రమే తీసుకోనిచ్చి చూశారు. పిల్లల ధ్యాసంతా దాని మీదికే పోయింది. మీ ఇంట్లో అటక చేస్తున్న పనీ అదే.

ఎలిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలి పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్లు చూసుకోవాలి. పెట్టినదాంట్లో ఎంత తినాలన్నది పిల్లలకు వదిలేయాలి. దీపావళి పొద్దున తలంట్లయ్యాక, అక్కడి అలవాటు ప్రకారం లేహ్యం నాకించాక, ఇడ్లీలు పెట్టిన పళ్లెంలోనే ఒక అరిసె కూడా పెట్టండి. ముందు అరిసె తిన్నా ఏమీ అనకండి. "ఇడ్లీ తింటేనే స్వీటు" అన్నారంటే ఇడ్లీ శిక్ష, స్వీటు బహుమానం అయిపోతాయి. పక్కింటివాళ్లు పంపిన పళ్లెం పాప చేతికే ఇవ్వండి. అధిరసమో, కాజూ కట్లీయో, తనకు నచ్చింది తనే తీసుకుంటుంది. ఆ ఒక్కరోజూ లెక్కపెట్టకండి. మర్నాటి నుంచి సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక ఒకటి చాలు. మిగతావి ఆలస్యం చేయకుండా నలుగురికీ పంచేయండి.

ఆ సాయంత్రం స్వీటు పెట్టే పని అత్తగారికే అప్పగించండి. మనవరాలికి చేతులారా పెట్టుకోవాలన్న ఆవిడ ముచ్చటా తీరుతుంది, చాటుగా పెట్టాల్సిన అవసరమూ పోతుంది.

ఇక షుగర్ భయం. పిల్లల్లో ఎక్కువగా కనిపించే టైప్ 1 స్వీట్లు తినడం వల్ల రాదు. టైప్ 2లో వంశంతో పాటు బరువు, ఒళ్లు కదలని జీవితం, రోజువారీ తిండి కలుస్తాయి. పండగ లడ్డూ ఒక్కటే దాన్ని తెచ్చిపెట్టదు. రెండేళ్లు దాటిన పిల్లలకు విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములు, అంటే సుమారు ఆరు టీస్పూన్లు మించకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. పాలల్లో కలిపే పొడి, బిస్కెట్లు, ప్యాకెట్ జ్యూసులు కలిపితే ఏ పండగా లేని రోజు కూడా అది దాటిపోవచ్చు. మీ జాగ్రత్తంతా అక్కడ పెట్టండి. బెల్లంతో చేసినవైతే ఫరవాలేదనుకోకండి, ఒంట్లోకి వెళ్లాక అదీ చక్కెరే. రాత్రి పడుకోబోయే ముందు పళ్లు తోమించడం మాత్రం మరవద్దు.

మొదట్లో పాప అతిగా తినొచ్చు, కడుపునొప్పీ రావచ్చు. "నేను చెప్పలేదా" అనకండి. కొన్ని వారాలు గడిచినా దాచుకోవడం ఆగకపోతే పిల్లల కౌన్సెలర్‌ను కలవండి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.