స్కాట్లండ్ నాటకం ‘ది చెవియట్, ది స్టాగ్ అండ్ ది బ్లాక్, బ్లాక్ ఆయిల్’ మొదటి బృందంలో ఎవరెవరున్నారు? ఎవరు ఏం చేశారు?

మీ ప్రశ్న కింద ఇంకో సందేహం కూడా రాశారు: పాత వివరాల్లో నటులు వేరు, సంగీతం వేరు, సాంకేతిక వర్గం వేరు అని ఎందుకు లేదు, అవే పేర్లు అన్నిచోట్లా ఎందుకు వస్తున్నాయి అని. అసలు విషయం అక్కడే ఉంది. నేను కొన్నేళ్లు స్కాట్లండ్‌లోని డండీ నగరంలో ఉన్నాను. 2015లో డండీ రెప్ థియేటర్ వాళ్లు జో డగ్లస్ దర్శకత్వంలో ఈ నాటకాన్ని మళ్లీ వేసినప్పుడు చూశాను. ఆ తర్వాత దీని గురించి కనబడిందల్లా చదివాను. అందుకని జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు కథ రెండు ముక్కల్లో. చెవియట్ ఒక గొర్రె జాతి. 18వ శతాబ్దం చివరినుంచి స్కాట్లండ్ ఉత్తరాన హైలాండ్స్‌లో జమీందార్లు కౌలు రైతుల్ని ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించి ఆ భూముల్లోకి గొర్రెల్ని దించారు. గొర్రెల మీద లాభం తగ్గాక అవే కొండలు డబ్బున్నవాళ్లు దుప్పుల్ని వేటాడే చోటయ్యాయి. 1970లు వచ్చేసరికి ఉత్తర సముద్రంలో చమురు పడింది. ఈ మూడుసార్లూ ఎవరు బాగుపడ్డారు, అక్కడి జనానికి ఏం మిగిలింది అన్నదే నాటకం. హైలాండ్స్‌లోని సదర్‌లాండ్ ప్రాంతపు జమీందారీ వ్యవహారాలు చూసిన ప్యాట్రిక్ సెల్లర్ ఇందులో ముఖ్యపాత్ర. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో ఇళ్లు తగలబెట్టించాడని 1816లో ఇన్వర్నెస్‌లో అతని మీద విచారణ జరిగింది, నిర్దోషిగా బయటపడ్డాడు. అదే సదర్‌లాండ్‌లోని హెల్మ్స్‌డేల్ నుంచి వచ్చిన నా ఆఫీసు స్నేహితుడు సెల్లర్ పేరెత్తితే ఇప్పటికీ మొహం ఎర్రబడేలా మాట్లాడతాడు. రెండు వందల ఏళ్లనాటి సంగతి మరి!

రచన, దర్శకత్వం జాన్ మెక్‌గ్రాత్. ఈయన స్కాట్లండ్ వాడు కాదు, 1935లో ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో పుట్టాడు. బీబీసీలో ‘జెడ్ కార్స్’ అనే పోలీసు సీరియల్ మొదలైన రోజుల్లో దానికి పనిచేశాడు. టీవీలో మంచి భవిష్యత్తు ఉండగా అది వదిలేసి 1971లో 7:84 అనే నాటక సంస్థ పెట్టాడు. దేశ సంపదలో 84 శాతం 7 శాతం మంది చేతుల్లోనే ఉందని అప్పట్లో ఒక పత్రికలో వచ్చిన లెక్క నుంచి తీసుకున్న పేరది. 1973లో దానికి స్కాట్లండ్ శాఖ పెట్టారు. ఆ శాఖ మొదటి నాటకమే ఇది.

ఇక మనుషులు. మెక్‌గ్రాత్ భార్య ఎలిజబెత్ మెక్‌లెన్నన్, ఆవిడ తమ్ముడు డేవిడ్ మెక్‌లెన్నన్. వీళ్లకి సదర్‌లాండ్‌తో దగ్గరి అనుబంధం ఉంది. అన్న రాబర్ట్ అప్పటికే ఆ ప్రాంతపు ఎంపీ. ఇంటిపేరు ఒకటే అయినా డోలీనా మెక్‌లెన్నన్ వేరే. ఆవిడ లూయిస్ దీవినుంచి వచ్చిన గాయని, హైలాండ్స్ వాళ్ల పాత భాష గేలిక్‌లో పాడుతుంది. ఆవిడ గేలిక్‌లో పాడుతుంటే గ్రామాల్లో వినేవాళ్లకి అది సొంత ఇంటి భాష. బయటివాళ్లు వచ్చి మా కథ మాకే చెప్తున్నారు అన్న భావన రాకుండా చూసింది ఆవిడే అని నా అభిప్రాయం. ఫిడేలు అలన్ రాస్. నాటకం మొదలవకముందే హాల్లో వాయించి జనాన్ని హుషారు చేయడం ఆయన పని. ఆ తర్వాత ప్రేక్షకులందరితో కలిసి ఒక పాట పాడిస్తారు, అప్పుడుగానీ నాటకంలోకి వెళ్లరు.

మిగిలిన ముగ్గురు నటులు బిల్ ప్యాటర్సన్, జాన్ బెట్, అలెక్స్ నార్టన్. వీళ్లు అంతకుముందు ఏడాది ఎడిన్‌బరో ఫ్రింజ్ నాటకోత్సవంలో హాస్యనటుడు బిల్లీ కానలీతో కలిసి ‘ది గ్రేట్ నార్తర్న్ వెల్లీ బూట్ షో’ చేసినవాళ్లు. గ్లాస్గో మార్కు హాస్యం, పాట, జనంతో నేరుగా మాట్లాడే తీరు అక్కడినుంచే తెచ్చారు. బిల్ ప్యాటర్సన్‌ని మీరు చూసే ఉంటారు, ‘ఫ్లీబ్యాగ్’ సిరీస్‌లో తండ్రి ఆయనే. చెవియట్ నాటకంలో ఆయన వేసిన ఆండీ మెక్‌చకెమప్ పాత్ర, హైలాండ్స్ అందాన్ని గజాల లెక్కన అమ్మేద్దామని వచ్చే గ్లాస్గో వ్యాపారి, నవ్వించి నవ్వించి చివరికి భయపెడుతుంది. అలెక్స్ నార్టన్ తర్వాత ‘ట్యాగర్ట్’ సీరియల్‌లో పోలీసు అధికారిగా ఇంటింటికీ తెలిసిపోయాడు.

ఒకే పేర్లు అన్నిచోట్లా ఎందుకంటే, వాళ్లు నిజంగానే అన్నీ చేశారు. మెక్‌గ్రాత్ ముందుగా సమాచారం పోగేసి తెచ్చాడు. బృందమంతా కూర్చుని పాత పత్రాలు, వాంగ్మూలాలు, పాటలు వెతికి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో వాదించుకుని కొద్ది వారాల్లోనే నాటకాన్ని ఒక రూపానికి తెచ్చారు. 1973 వసంతంలో ఎడిన్‌బరోలో ఒక సదస్సులో దాన్ని మొదట వినిపించారు, ఆపై ఊళ్లమీద పడ్డారు. వ్యాన్ నడిపింది వాళ్లే, లైట్లు పెట్టింది వాళ్లే, వాయిద్యాలు వాళ్లవే. జీతం అందరికీ సమానం. ఒక్కొక్కరు అరడజను పాత్రలు వేస్తారు. తమ వంతు లేనప్పుడు లోపలికి పోరు, స్టేజీ మీదే పక్కన కూర్చుని తోటివాళ్లని చూస్తుంటారు. నాటకం అయ్యాక కుర్చీలు పక్కకి జరిపి, ఆ నటులే బ్యాండుగా మారి వాయిస్తుంటే ఊరంతా డాన్స్ చేసేది. మన దగ్గర ప్రజానాట్యమండలి ప్రదర్శనలు చూసిన వాళ్లకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

సెట్ గురించి తప్పకుండా చెప్పాలి. డిజైనర్ జాన్ బర్న్, పెయిస్లీకి చెందిన చిత్రకారుడు. చిన్నపిల్లలకి పేజీ తిప్పితే బొమ్మలు పైకి లేచే పుస్తకాలుంటాయి చూడండి, ఆయన అదే పుస్తకాన్ని మనిషికంటే ఎత్తుగా అట్టతో చేశాడు. పేజీ తిప్పితే కొండలు లేస్తాయి, ఇంకోటి తిప్పితే ఇంకో చోటు. మడిచేస్తే వ్యాన్ పైన కట్టి తీసుకుపోవచ్చు, ఎంత చిన్న హాలైనా సరిపోతుంది. ఊరూరా తిరిగే బృందానికి ఇంతకంటే పనికొచ్చే సెట్ నాకైతే తట్టదు. 2018లో వీ అండ్ ఏ డండీ మ్యూజియం తెరిచాక అక్కడ ఈ పుస్తకాన్ని దగ్గరగా చూశాను. మడత దగ్గర రంగు కాస్త వెలిసి ఉంది. కుంచె గీతలు పెద్దపెద్దగా, తొందరలో వేసినట్టున్నాయి. రెండడుగులు వెనక్కి జరిగి చూస్తే అవే గీతలు కొండమీద మబ్బు నీడల్లా కనిపించాయి. హాల్లో చివరి వరసలో కూర్చునేవాడి కోసం వేసిన బొమ్మ అది. నేను అక్కడినుంచి కదలడానికి చాలాసేపు పట్టింది.

డండీలో నేను చూసిన ప్రదర్శనలో మొదటి బృందం వాళ్లెవరూ లేరు. డండీ రెప్ సొంత నటవర్గం, సంగీతం అలాస్డెయిర్ మెక్రే. పద్ధతి మాత్రం అదే: నటులే పాడారు, వాయించారు, మన కళ్లముందే వేషం మార్చారు. ఖాళీ చేయించిన ఊళ్ల వాంగ్మూలాలు చదివేచోట అభినయం ఏమీ ఉండదు. కాగితం చూసి మామూలు గొంతుతో చదువుతారు, అంతే. అంతవరకు పడీపడీ నవ్విన హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నా పక్క సీటావిడ గేలిక్ పాట వచ్చినప్పుడు పెదాలు కదుపుతూ పాడుతోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కళ్లు మాత్రం తడిశాయి. ఆ ఊపులోనే తర్వాత ఏ9 రోడ్డు మీదుగా గోల్స్‌పీ వెళ్లాను. ఊరి పైన బెన్ బ్రాగీ కొండమీద, సెల్లర్ ఎవరి జమీందారీ చూశాడో ఆ మొదటి సదర్‌లాండ్ డ్యూక్ విగ్రహం ఉంది, దాదాపు వంద అడుగుల ఎత్తు. ఎటునుంచి చూసినా కనిపిస్తుంది. ఖాళీ అయిన లోయల మీద ఇంకా కాపలా కాస్తున్నట్టుంది. దాన్ని పడగొట్టాలన్న డిమాండు ఎందుకొచ్చిందో నాటకం చూశాక వెళ్తే బాగా తెలుస్తుంది.

ఆ తర్వాత ఎవరేం చేశారంటే, డేవిడ్ మెక్‌లెన్నన్ 1978లో వైల్డ్‌క్యాట్ అనే సంగీత నాటక బృందం మొదలుపెట్టాడు. 2004లో గ్లాస్గోలో ‘ఎ ప్లే, ఎ పై అండ్ ఎ పైంట్’ పేరుతో మధ్యాహ్న భోజన వేళ నాటకాలు ప్రారంభించాడు. టికెట్టుతోపాటే తిండి, తాగడానికి ఒక గ్లాసు. గ్లాస్గో వెళ్తే తప్పకుండా చూడండి. 1988లో ప్రభుత్వ నిధులు ఆపేస్తామన్నాక మెక్‌గ్రాత్ 7:84 నుంచి తప్పుకున్నాడు, 2002లో చనిపోయాడు. ఎలిజబెత్ ఆ రోజులన్నీ 1990లో పుస్తకంగా రాసింది. నిధులు ఆపడం అన్యాయమనే నేననుకుంటాను. అంత మారుమూల ఊళ్లకి అంత మంచి నాటకం మోసుకెళ్లినవాళ్లు మళ్లీ ఎంతమంది వచ్చారు?

మొదటి బృందాన్ని చూడాలంటే మిగిలింది 1974లో బీబీసీ టీవీ నాటకాల సిరీస్ ‘ప్లే ఫర్ టుడే’ కింద జాన్ మెకంజీ తీసిన ఫిల్మ్. ఊరి హాల్లో జనం మధ్య ప్రదర్శన, ఆరుబయట తీసిన చారిత్రక సన్నివేశాలు, చమురు పనివాళ్లతో ఇంటర్వ్యూలు కలిపి తీశారు. దొరికితే మాట్లాడుతున్న నటుడితోపాటు వెనక కూర్చున్నవాళ్లనీ, హాల్లో ఉన్న ఊరివాళ్ల మొహాల్నీ గమనించండి. యాస మొదట్లో కష్టంగా ఉంటుంది, సబ్‌టైటిల్స్ ఉంటే పెట్టుకోండి. నాటకం పాఠం అచ్చులో దొరుకుతుంది కాబట్టి ముందు అది ఒకసారి చదివి కూర్చుంటే ఇంకా సులువు.