ఐర్లండ్‌లో మాస్టర్స్ పాఠాలు నిజంగా బాగా చెబుతారా? పెట్టిన డబ్బుకు తగ్గట్టు ఉంటుందా?

"మా అబ్బాయికి డబ్లిన్‌లో డేటా అనలిటిక్స్ సీటు వచ్చింది. ఫీజు 20 వేల యూరోల పైమాటే. అక్కడ పాఠాలు ఎలా చెబుతారు?" అని అడిగారు మీరు. బాబాయి గారూ, ఇన్నేళ్లలో నన్ను పాఠాల గురించి అడిగిన మొదటి తండ్రి మీరే. అందరూ స్టాంప్ 1జీ (చదువయ్యాక అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే అనుమతి) ఎన్నాళ్లిస్తారు, పార్ట్ టైం దొరుకుతుందా అనే అడుగుతారు. 2018లో నరసరావుపేట నుంచి నన్ను పంపేటప్పుడు మా నాన్న కూడా అంతే. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, కొంచెం పొడుగైనా చదవండి.

నేను ఏడాది మాస్టర్స్ అక్కడే చదివాను. ఆ తర్వాత పీహెచ్‌డీ చేస్తూ నాలుగేళ్లు ట్యుటోరియల్స్ (చిన్న గ్రూపుల క్లాసులు) చెప్పాను, అసైన్‌మెంట్లు దిద్దాను. చదువుకున్నదీ అక్కడే, చదువు చెప్పిందీ అక్కడే. నా అనుభవంలో అక్కడి లెక్చరర్లు మంచివాళ్లు, చెప్పే విషయం క్షుణ్ణంగా తెలిసినవాళ్లు. మీ అబ్బాయి దగ్గర కూర్చుని చెప్పే తీరిక మాత్రం వాళ్లకు లేదు. ఆ తీరిక లేకుండా చేసింది ప్రభుత్వం. ఎలాగో ఒక సాయంత్రం జరిగింది చెబితే మీకే తెలుస్తుంది.

2023 నవంబరు. నాలుగున్నరకే చీకటి పడిపోయే రోజులు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక మాడ్యూల్‌కు, అంటే ఒక సబ్జెక్టుకు, 180 మంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోగుల్లో ఎవరు నెల తిరక్కుండా మళ్లీ వచ్చి చేరతారో డేటా చూసి అంచనా వేయాలి, ఎలా చేశారో రెండు వేల పదాల్లో రిపోర్టు రాయాలి. ఒక రిపోర్టు మరీ నున్నగా ఉందని లెక్చరర్‌కు అనుమానం వచ్చింది. చాట్‌జీపీటీ వచ్చి అప్పటికి ఏడాది, అందరూ అందరినీ అనుమానిస్తున్న రోజులు. రాసిన అమ్మాయిని పిలిచి పావుగంట మాట్లాడదాం, నువ్వూ కూర్చో అన్నారు నాతో. వెళ్తే, సూర్యాపేట వైపు అమ్మాయి. రెండెకరాల మీద అప్పు తెచ్చి పంపారని తర్వాత చెప్పింది.

లెక్చరర్‌ది కార్క్ యాస, అంటే ఐర్లండ్ దక్షిణ ప్రాంతపు యాస. మంచి మనిషే, కానీ మాట మీద మాట దొర్లిపోతుంది. "ఈ థ్రెషోల్డ్ 0.3 ఎందుకు పెట్టావు, అందరూ 0.5 పెట్టారు కదా?" అని అడిగారు. థ్రెషోల్డ్ అంటే, రోగి మళ్లీ వచ్చే అవకాశం ఎంత దాటితే 'వస్తాడు' అని లెక్కెయ్యాలో చెప్పే గీత. ఆ పిల్ల నోరు తెరవలేదు. ఇంకోలా అడిగారు. "యెస్ సర్" అంది. ఎందుకు అనే ప్రశ్నకు యెస్ సర్ అంటే ఆయన ఏమనుకుంటారు? నా వైపు చూశారు. బల్ల కింద ఆ అమ్మాయి చున్నీ అంచును వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. వేలి కొస తెల్లబడిపోయింది.

ఆయన అనుమతి తీసుకుని తెలుగులో అడిగాను. "అక్కా, సారు అడిగేది అర్థమైతాంది. ఇంగ్లీషుల యాడికెళ్లి మొదలువెట్టాలో తెలుస్తలేదు" అంది. నా దగ్గరున్న తెల్లకాగితం, పెన్ను ముందుకు జరిపాను. మాట్లాడకు, గీసి చూపించు అన్నాను.

నాలుగు గళ్లు గీసింది. మళ్లీ వస్తారని మనం చెప్పి నిజంగా వచ్చినవాళ్లు ఒక గడిలో, వస్తారన్నా రానివాళ్లు ఒక గడిలో, రారనుకుంటే వచ్చినవాళ్లు మూడో గడిలో. ఆ మూడో గడి మీద పెన్నుతో గట్టిగా రెండుసార్లు కొట్టింది. అప్పుడు ఇంగ్లీషు దానంతటదే వచ్చింది, ముక్కలు ముక్కలుగా. వాళ్ల నానమ్మను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపితే నాలుగో రోజు మళ్లీ తీసుకెళ్లాల్సి వచ్చిందట. రాని మనిషికి ఒక ఫోను చేస్తే పోయేదేమీ లేదు, వచ్చే మనిషిని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే గీత కిందికి దించాను అంది. లెక్చరర్ ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని కాసేపు చూశారు. ఈ కారణం రిపోర్టులో ఎందుకు రాయలేదు అని అడిగారు. రాశానని, ఇంగ్లీషు సరిచేయమని చాట్‌జీపీటీకి ఇస్తే ఆ పేరా మొత్తం మారిపోయిందని, అదే బాగుందేమో అనుకుని ఉంచేశానని చెప్పింది.

కాపీ కొట్టిందని కేసు పెట్టలేదు. 64 మార్కులు వచ్చాయి. మీరు 64 చూసి కంగారు పడకండి. మా దగ్గర 40 వస్తే పాస్, 70 వస్తే ఫస్ట్ క్లాస్. ఇక్కడ 85 శాతం చూసిన పిల్లలు మొదటి అసైన్‌మెంట్‌కు 58 రాగానే ఏడుస్తారు, ఇంటికి ఫోన్ చేసి తక్కువొచ్చాయని చెప్పలేక దాచుకుంటారు. మీ అబ్బాయికి ఈ సంగతి ముందే చెప్పి పంపండి.

అసలు విషయం ఆ తర్వాత జరిగింది. ఆ సాయంత్రం ఆయన మనసులో ఉండిపోయింది. వచ్చే ఏడాది నుంచి ప్రతి రిపోర్టుకూ ఐదు నిమిషాల మౌఖికం పెడదాం, ఎవరు రాశారో ఎవరు రాయించారో మన కళ్ల ముందే తేలుతుంది, నోరు పెగలని పిల్లలకూ అలవాటవుతుంది అన్నారు. లెక్క వేశాం. 180 మందికి ఐదేసి నిమిషాలు, 15 గంటలు. ఇద్దరు కూర్చోవాలి కనుక 30 గంటలు. డిపార్ట్‌మెంట్‌ను ఆ గంటలకు డబ్బు అడిగితే లేదన్నారు. 180 మంది, తలకు 20 వేల యూరోల లెక్క. అందులోంచి 30 గంటల జీతం రాలేదు! ఆ మాట విన్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. చివరికి ఏం చేశారంటే అసైన్‌మెంట్ బరువు తగ్గించి పెద్ద హాల్లో రెండు గంటల రాత పరీక్ష పెట్టారు. బట్టీ పట్టి రాసే పరీక్షను వదిలించుకోవాలనే కదా మన పిల్లలు అంత దూరం వెళ్తున్నది.

గంటలు ఎందుకు లేవో చెబుతాను, మీ డబ్బు ఎటు పోతుందో ఇందులోనే ఉంది. 1996లో ఐర్లండ్ తన పిల్లలకు డిగ్రీ ట్యూషన్ ఫీజు ఎత్తేసింది. గొప్ప పని, దాన్ని నేను తప్పుపట్టను. 2008లో ఆ దేశం ఆర్థికంగా కుప్పకూలాక విద్యార్థులు పెరుగుతూ పోయారు, ప్రభుత్వం ఇచ్చే డబ్బు తగ్గింది, కొత్త ఉద్యోగాల మీద ఆంక్షలు పెట్టారు. పిల్లల దగ్గర 'స్టూడెంట్ కాంట్రిబ్యూషన్' పేరుతో తీసుకునేది పెరిగి పెరిగి 3,000 యూరోలకు చేరింది. ఉన్నత విద్యకు డబ్బు ఎలా తేవాలో చెప్పమని ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం నివేదిక, కాసెల్స్ నివేదిక అంటారు, 2016లో వచ్చింది. ఇలాగైతే నడవదు, 2021 కల్లా ఏటా 60 కోట్ల యూరోలు, 2030 కల్లా ఏటా 100 కోట్ల యూరోలు అదనంగా కావాలి, మూడు దారులున్నాయి, ఒకటి ఎంచుకోండి అంది. అందులో ఒక దారి విద్యార్థి రుణాలు. రుణాలంటే ఓట్లు పోతాయని నాయకుల భయం. ఆరేళ్లు ఏమీ తేల్చలేదు. 2022లో రుణాలు వద్దని తేల్చి, ఏటా 30 కోట్ల 70 లక్షల యూరోల లోటు ఉందని ప్రభుత్వమే ఒప్పుకుంది. లోటు ఉందని కాగితం మీద రాసుకున్నవాళ్లు ఆ ఏడాదే పూడ్చాలి కదా! ఒక్కో బడ్జెట్‌లో కొంచెం కొంచెం విదిలిస్తూ వచ్చారు. అక్కడి విశ్వవిద్యాలయాల సంఘం ఏళ్లుగా చెబుతున్న లెక్క ప్రకారం ఒక్కో అధ్యాపకుడికి 23 మంది విద్యార్థులు, యూరప్ సగటేమో 15.

ఆ గుంతను పూడుస్తున్నది ఎవరనుకున్నారు? మీలాంటి తండ్రులే. యూరప్ బయటి పిల్లల ఫీజు మీద పరిమితి లేదు, కాబట్టి కాలేజీలన్నీ అటే చూస్తున్నాయి. 2024 జనవరిలో 'గ్లోబల్ సిటిజన్స్ 2030' అని ప్రభుత్వమే ఒక విధానం ప్రకటించింది, విదేశీ విద్యార్థుల సంఖ్య ఇంకా పెంచడానికి. పిల్లల్ని పెంచేటప్పుడు పాఠం చెప్పే చేతుల్ని కూడా పెంచాలి. వచ్చే ఫీజులో కొంత భాగం ఆ క్లాసు ట్యుటోరియల్స్‌కే ఖర్చు పెట్టి తీరాలని చట్టం చేయాలని నా అభిప్రాయం. మరో మందు లేదు.

ఇక ఆ చేతులు ఎవరివంటే నాలాంటి పీహెచ్‌డీ విద్యార్థులవి. పెద్ద హాల్లో లెక్చర్ ప్రొఫెసర్ చెబుతారు, 20 మంది కూర్చునే ట్యుటోరియల్, ల్యాబు, దిద్దుబాటు మేం చూస్తాం, గంటల లెక్కన. ఒక్కో రిపోర్టుకు 20 నిమిషాలు లెక్కగట్టి ఇచ్చేవారు. పిల్లవాడు ఎక్కడ తప్పాడో చూసి, పనికొచ్చే నాలుగు మాటలు రాయాలంటే నాకు 40 నిమిషాలు పట్టేది. మిగతా 20 నిమిషాలు నా జేబులోంచే. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో ఆ గంటలు కూడా ఉండవు. 2022లో ప్రభుత్వ ఫెలోషిప్ ఏడాదికి 18,500 యూరోలు, డబ్లిన్‌లో గది అద్దెకే సగం పోయేది. పీహెచ్‌డీ చేసేవాళ్లంతా సంఘం కట్టి గొడవ చేస్తే 2024లో 22,000, 2025లో 25,000 అయింది. గొడవ చేయకపోతే ఇచ్చేవాళ్లు కాదని కచ్చితంగా చెప్పగలను.

అద్దె మాట వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. మా ట్యుటోరియల్‌లో ఒక కుర్రాడు ప్రతి మంగళవారం తొమ్మిదింటికి వచ్చి పావుగంటలో నిద్రపోయేవాడు. మొదట్లో నాకు కోపం వచ్చేది. అడిగితే, డబ్లిన్‌కు దూరంగా ఉన్న డ్రోహెడా అనే ఊరి నుంచి వస్తున్నాడు, ఇంట్లోంచి బయటపడేది ఆరింటికి. డబ్లిన్‌లో బంకు బెడ్డుకు కూడా వాడి దగ్గర డబ్బు లేదు. వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు, అది చేసి ఇంటికెళ్లేసరికి అర్ధరాత్రి. వాడికి ఏ ప్రొఫెసర్ చెప్పినా ఏం ఎక్కుతుంది? హాస్టల్ కట్టకుండా సీట్లు పెంచడం ఏం న్యాయమో ఆ మంత్రులు చెప్పాలి. ఉన్నత విద్యకు 2020లో ప్రత్యేకంగా ఒక మంత్రిత్వ శాఖ పెట్టారు. ఐదేళ్లలోనే ముగ్గురు మంత్రులు మారారు.

కన్సల్టెన్సీల మీదా నాకు కోపమే. అమీర్‌పేటలో, బెంజి సర్కిల్‌లో బోర్డులు పెట్టినవాళ్లు ఎంత మందిని పంపితే అంత కమీషన్ కాబట్టి ఒకే కోర్సుకు గుంపులు గుంపులుగా పంపుతారు. నా క్లాసుల్లో గ్రూప్ ప్రాజెక్టు అంటే ఐదుగురిలో నలుగురు తెలుగువాళ్లే ఉండేవారు. ఇంగ్లీషు మాట్లాడే అవసరమే రాదు. సూర్యాపేట అమ్మాయికి నోరు పెగలకపోవడానికి అదీ ఒక కారణం. ఇంకో సంగతి, అక్కడికి వెళ్లగానే "అసైన్‌మెంట్ మేం రాసిపెడతాం" అని వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తాయి. అలా రాసివ్వడం, ఆ పని చేస్తామని ప్రచారం చేయడం 2019 చట్టం ప్రకారం అక్కడ నేరం. మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి, ఆ నంబర్లను వెంటనే బ్లాక్ చేయమనండి.

మరి వెళ్లాలా వద్దా అంటారా? వెళ్లమనండి. డబ్బు కట్టకముందు మాత్రం డిపార్ట్‌మెంట్‌కు ఒక మెయిల్ రాయించండి. క్లాసులో ఎంతమంది, ట్యుటోరియల్ గ్రూపులో ఎంతమంది, దిద్దేది ఎవరు, దిద్దిన పేపరు ఎన్ని వారాల్లో తిరిగి వస్తుంది. సూటిగా జవాబిచ్చిన చోట చదువు ఉందని నా నమ్మకం. ర్యాంకులు చూపించి తప్పుకుంటే ఇంకో కోర్సు చూసుకోండి. చేరాక మొదటి వారంలోనే లెక్చరర్ ఆఫీస్ అవర్స్‌కు (పిల్లల డౌట్ల కోసం ఆయన తన గదిలో ఉండే గంటలు) వెళ్లమనండి, డౌటు లేకపోయినా సరే. మా దగ్గర ఆ గంటల్లో తలుపు తీసే ఉండేది, లోపలికి వచ్చేవాళ్లే తక్కువ. కార్క్ యాస మూడు వారాల్లో అలవాటైపోతుంది.

ప్రతి మాడ్యూల్‌కు యూనివర్సిటీ వెబ్‌సైటులో ఒక పేజీ ఉంటుంది, అందులో రాత పరీక్షకు ఎంత శాతం, అసైన్‌మెంట్లకు ఎంత శాతం రాసి ఉంటుంది. ఆ వివరాలు ఇక్కడే కింద పెట్టండి బాబాయి గారూ, చూసి నాకు తోచింది చెబుతాను.