ఆర్‌ఎస్‌వీ ఇంజెక్షన్: 74 శాతమా, 83 శాతమా?

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి పాప పుట్టింది. ఊపిరితిత్తులకు ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ సోకకుండా నిర్సెవిమాబ్ ఇంజెక్షన్ వేయిస్తామంటున్నారు. అది 74 శాతం పనిచేస్తుందని ఒకచోట, 83 శాతమని ఇంకోచోట చదివాను. ఏది నమ్మాలి? అంత పసికందుల మీద ఎలా పరీక్షించారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రెండూ నిజమేనండీ. ఒక్కో పరీక్షలో ఒక్కోటి లెక్కపెట్టారు.

మెలొడీ పరీక్షలో 35 వారాలు నిండి పుట్టిన 1,490 మంది పిల్లల ఫలితాలు మొదట వచ్చాయి. లాటరీ పద్ధతిలో ముగ్గురిలో ఇద్దరికి మందు, ఒకరికి సెలైన్ ఇంజెక్షన్ ఇచ్చి 150 రోజులు గమనించారు. ఎవరికి ఏది పడిందో తల్లిదండ్రులకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. జలుబు చేసినంత మాత్రాన కేసుగా రాయలేదు. డాక్టరుకు చూపించి ఉండాలి, పీసీఆర్‌లో ఆర్‌ఎస్‌వీ తేలాలి, స్టెతస్కోపుతో వింటే ఊపిరితిత్తుల్లో పిల్లికూతలో గురగురలో వినపడాలి. వీటికి తోడు డొక్కలు ఎగరేయడం, ఆక్సిజన్ తగ్గడం లాంటి తీవ్ర లక్షణం ఒకటైనా ఉండాలి. ఇన్నీ కలిసినవాళ్లు మందు పడిన 994 మందిలో 12 మంది, పడని 496 మందిలో 25 మంది. జబ్బు 74.5 శాతం తగ్గిందన్న లెక్క అక్కడిదే.

అదే పరీక్షలో ఆసుపత్రిలో చేరినవాళ్లు మందు పడినవాళ్లలో 6, పడనివాళ్లలో 8 మందే. ఇంత చిన్న అంకెలతో చేరికలు తగ్గాయని రుజువు కాదు. కోవిడ్ రోజుల్లో ఆర్‌ఎస్‌వీయే దాదాపు కనపడకుండా పోయింది మరి. ఆ లోటు హార్మొనీ పరీక్ష తీర్చింది. ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్‌లలో 8,058 మంది పిల్లల్లో ఆసుపత్రి చేరికలనే లెక్కపెడితే మందు పడినవాళ్లలో 11, పడనివాళ్లలో 60 తేలాయి. 83 శాతం ఇదీ. సుమారు 82 మందికి వేస్తే ఒక చేరిక తప్పిందన్నమాట. ఇందులో సెలైన్ ఇంజెక్షన్ లేదు, ఎవరికి మందు పడిందో అందరికీ తెలుసు. అది బలహీనతే అయినా, ఇంత పెద్ద తేడా కేవలం దానివల్ల వచ్చిందనుకోలేం.

ఇలాంటి మందులన్నీ నెగ్గలేదు. సుప్టావుమాబ్ 2017లో విఫలమైంది. అది అతుక్కోవాల్సిన చోటే ఆర్‌ఎస్‌వీ బి రకం రూపు మార్చుకుంది. అందుకే ఇప్పుడు కేసుల్లో దొరికిన వైరస్ జన్యువులనూ చదువుతున్నారు.

పాప బరువు 5 కిలోల లోపైతే 50, ఆపైన 100 మిల్లీగ్రాములు తొడ కండరంలో ఒక్కసారే వేస్తారు. కాబట్టి ఆ రోజే తూకం వేయించమనండి. మీ అమ్మాయి గర్భంతో ఉండగా ఆర్‌ఎస్‌వీ టీకా వేయించుకుని, ఆ తర్వాత 14 రోజులకో ఇంకా ఆలస్యంగానో కాన్పయి ఉంటే పాపకు సాధారణంగా ఇది అక్కర్లేదు. డాక్టరుకు ఆ తేదీ తప్పక చెప్పాలి.

ప్రశ్న: మామూలు టీకాలు వేసే రోజే ఇదీ వేయించవచ్చా?

జవాబు: వేయించవచ్చు. సిరంజి వేరు, పొడిచే చోటు వేరుగా ఉండాలి. ఇది నేరుగా ఇచ్చే యాంటీబాడీ కనుక ఆ టీకాల పనికి అడ్డు రాదు.