క్లిప్పు ఆగిన తరువాతి ఆరు సెకన్లు

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. వాలరెంట్ అనే కంప్యూటర్ ఆటలో తాను దూరం నుంచి గురి చూసి కాల్చే స్నైపర్‌నని, ఇంటర్ కాగానే ఇంజనీరింగులో చేరకుండా ఏడాది ఆగి ప్రొఫెషనల్ జట్టులో చోటు సంపాదిస్తానని అంటున్నాడు. కొత్త కంప్యూటర్ కూడా అడుగుతున్నాడు. వాడి గురి అద్భుతమని స్నేహితులంతా చెబుతున్నారు. ఇది జూదం లాంటిదేమోనని ఇంట్లో ఆడవాళ్ల భయం. వాడికి నిజంగా సత్తా ఉందో లేదో మాకెలా తెలుస్తుంది? - ఒక తండ్రి, కొరిటెపాడు

జవాబు: మీ ఉత్తరంతోపాటు అబ్బాయి మూడు వీడియో క్లిప్పులు కూడా పంపాడు. మూడూ ఒకే తీరు. దూరంగా ఒకడు కనిపిస్తాడు, ఒక్క తూటాకు పడిపోతాడు, స్నేహితుల కేకలు వినిపిస్తాయి, వీడియో ఆగిపోతుంది. ముచ్చటగానే ఉన్నాయి గానీ వాటితో నాకు పని జరగలేదు. ఓడిపోయిన ఆట ఒకటి, మొదటి నుంచి చివరిదాకా, కోత లేకుండా పంపమన్నాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు పంపాడు. పంపడమే మంచి లక్షణం, చాలామంది పంపరు.

నేను ఆ ఆట ఆడను. ఆడే పిల్లలు ఏళ్ల తరబడి నా దగ్గరికి వస్తున్నారు కనుక చూడటం నేర్చుకున్నాను. ఈసారి నా పాత విద్యార్థి ఒకడిని, పోటీల రికార్డింగులు విశ్లేషించడమే ఉద్యోగంగా చేసుకున్నవాడిని, పక్కన కూర్చోబెట్టుకున్నాను.

ముందు ఇంట్లోవాళ్ల భయం తీర్చేద్దాం. పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా నిషేధించి, కంప్యూటర్, ఫోను ఆటల్లో సత్తా పోటీలైన ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం విడదీసి గుర్తించింది. అంతకుముందే, 2022 డిసెంబరులో, ఈ-స్పోర్ట్స్ కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోకి వచ్చింది. కాబట్టి మీవాడు ఆడేది జూదం కాదు. ఆ పోటీల మీద ఎవరైనా పందెం కాయమంటే అది జూదమే. ఆ గీత ఎక్కడుందో వాడికి ఒకసారి స్పష్టంగా చెప్పండి.

ఇక సత్తా మాట. వాడు పంపిన ఆట మీకు అర్థం కావాలంటే లెక్క కాస్త తెలియాలి. మీరు వ్యాపారస్తులు, లెక్కలు మీకు కొత్త కాదు. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఒక జట్టు బాంబు పెట్టాలి, రెండోది ఆపాలి. 12 రౌండ్లయ్యాక పక్షాలు మారతాయి; ముందు 13 గెలిచినవాళ్లది ఆట. ప్రతి రౌండుకూ ముందు ఎవరి ఆయుధం వారు ఆటలోని సొమ్ముతో, అంటే క్రెడిట్లతో కొనుక్కోవాలి. గెలిస్తే 3000 వస్తాయి, ఓడితే 1900, వరుసగా ఓడితే ఇంకాస్త ఎక్కువ. మామూలు రైఫిల్ వాండల్ 2900, కవచం 1000. స్నైపర్ వాడే ఆపరేటర్ ఒక్కటే 4700. కవచం వేసుకున్న మనిషి ప్రాణం మొత్తం 150. ఆపరేటర్ తూటా మొండెంలో ఎక్కడ దిగినా సరిగ్గా 150 పోతుంది. కాలికి తగిలితే 120, బతికిపోతాడు. ఉండేవి ఐదు తూటాలు. ఒకటి పేల్చాక రెండోది పేలడానికి ఒకటిన్నర సెకనుకు పైనే పడుతుంది, ఆ ఆటలో అది చాలా సేపు. దాన్ని మోస్తున్నవాడి నడక కూడా నెమ్మదే. ఇన్ని ఇబ్బందులున్నా జట్లు దాన్ని కొంటాయంటే, ఎదుటి ఐదుగురూ ఆ దారిలో తల పెట్టడానికి జంకుతారు కనుక.

మీవాడి ఆటలో ఏడో రౌండు. స్కోరు మూడు, మూడు. వాడి దగ్గర 6100 ఉన్నాయి, మిగతా నలుగురి దగ్గర తలో రెండు వేల పైచిలుకు. ఆపరేటర్, కవచం కొనేశాడు. నలుగురు పిస్తోళ్లతో నిలబడ్డారు. నా శిష్యుడు వీడియో అక్కడే ఆపాడు. వాండల్, కవచం తీసుకుని ఉంటే ఇంకా 2200 మిగిలేవి. 1600 పెట్టి పక్కవాడికి స్పెక్టర్ అనే చవక తుపాకీ ఒకటి కొనిపెట్టి ఉండవచ్చు. ఐదుగురు ఆడాల్సిన రౌండును ఒక్కడి భుజాల మీద పెట్టాడు. తూటా పేలకముందే జరిగిన తప్పు ఇది.

తరువాతిది ఇంకా ఆసక్తిగా ఉంది. అసెంట్ మ్యాపులో ఎ మెయిన్ అనే ఇరుకు దారికి ఎదురుగా, వెనక బాగా దూరంలో నిలబడ్డాడు. చోటు ఎంపిక నిజంగా బాగుంది. ఎందుకో మీ యార్డులోనే చూడవచ్చు. మిర్చి టిక్కీల (బస్తాల) వరుస మూల దగ్గర ఇద్దరు చెరో పక్క నిలబడండి. ఒకరు మూలకు ఆనుకుని, ఇంకొకరు పది అడుగులు వెనక్కి. మెల్లగా పక్కకు జరిగితే, వెనక ఉన్నవాడికి ముందువాడి భుజం ముందు కనిపిస్తుంది. మూలకు ఆనుకున్నవాడు ఇంకా ఎవరూ లేరనే అనుకుంటూ ఉంటాడు. దూరం స్నైపర్‌కు ఇచ్చే లాభం ఇదే. మొదటివాడి భుజం కనిపించింది, మీవాడు పేల్చాడు, ఒకడు పోయాడు.

నాకు పంపిన రెండో క్లిప్పు సరిగ్గా అక్కడ ఆగింది.

పూర్తి రికార్డింగులో తరువాతి ఆరు సెకన్లున్నాయి. మీవాడు కదల్లేదు. చప్పుడు విన్నవాళ్లకు స్నైపర్ ఎక్కడున్నాడో తెలిసిపోయింది. వాడు మాత్రం ఇంకొకడు వస్తాడని అదే గీత మీద చూపు నిలిపి కూర్చున్నాడు. ఒక ఫ్లాష్ వచ్చి పడింది, తెర తెల్లబడింది, పోయాడు. ఆపరేటర్ నేల మీద పడింది. ఎదుటివాడు వంగి తీసుకున్నాడు. ఆ తరువాతి రెండు రౌండ్లలో మీవాడు 4700 పోసి కొన్న తుపాకీతోనే మీవాడి జట్టు దెబ్బతింది. వాడు ఆడుతున్నది జెట్ అనే పాత్ర. ఆ పాత్రకు ఒక్క ఉదుటున పక్కకు దూకే శక్తి ఉంది, కానీ ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి. మీవాడు సిద్ధం చేసుకోలేదు. గురి ఉన్న స్నైపర్‌కూ జట్టు నమ్ముకునే స్నైపర్‌కూ తేడా ఇక్కడ తేలుతుంది. రెండోవాడు పేల్చకముందే పారిపోయే దారి చూసుకుంటాడు. తగిలినా తగలకపోయినా ఆ చోట మరుక్షణం ఉండడు.

గురి చిన్న విషయమని నేను అనడం లేదు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు తెచ్చింది గురితోనే. అయితే అక్కడ లక్ష్యం కదలదు, తిరిగి బాణం వేయదు. ఇక్కడ రెండూ జరుగుతాయి.

ఇంతకీ మీవాడిని నేను కొట్టిపారేయలేదు. పదకొండో రౌండు చూసి మనసు మార్చుకున్నాను. బాంబు బి వైపు పెట్టేశారు. మీవాడు ఒక్కడే మిగిలాడు, చేతిలో ఆపరేటర్, ఎదుట ముగ్గురు. స్నేహితులు చెవుల్లో అరుస్తున్నారు, వెళ్లు వెళ్లు అని. వాడు వెళ్లలేదు. వెనక్కి తిరిగి, మూలకు పోయి దాక్కున్నాడు. బాంబు పేలింది, రౌండు పోయింది, తుపాకీ మిగిలింది. అలా బతికి ఓడినవాడికి 1900 రావు, 1000 మాత్రమే. అది తెలిసే చేశాడు. ఫోనులో అడిగాను, ఎందుకు దాచావని. "ఇంకో రౌండు ఉంది కదా సార్, పన్నెండోదయితే వెళ్లేవాడినే" అన్నాడు. సరైన మాట. 12వ రౌండు తరువాత పక్షాలు మారి అందరి సొమ్మూ 800కు వచ్చేస్తుంది, దాచిన తుపాకీ మాయమవుతుంది. అప్పుడు దాచడం దండగ.

ఈ లెక్క వాడు ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలియదు గానీ మీకు మాత్రం బాగా తెలుసు. ధర పడిపోయిన రోజున సరుకు యార్డులో తెగనమ్ముతారా, కోల్డ్ స్టోరేజీకి పంపుతారా? అద్దె ఎంత, ఇంకా ఎన్ని వారాలు పడుతుంది, కొత్త పంట దిగేలోపు ధర లేస్తుందా అని చూసుకుంటారు. సీజన్ చివర్లో దాచితే ఏమవుతుందో మీకు ఒకరు చెప్పాలా? ఈ ఆదివారం వాడి పక్కన కూర్చుని, ప్రతి రౌండు ముందూ ఏం కొన్నావు, ఎందుకు కొన్నావు అని అడగండి. తుపాకుల పేర్లు రాకపోయినా ఫరవాలేదు. జవాబులో బేరం తెలిసినవాడి పోకడ ఉందో, చేతిలో డబ్బుంది కదా అని కొనేవాడి పోకడ ఉందో నాకంటే మీరే బాగా పసిగడతారు.

ఇప్పుడు వృత్తి సంగతి. జట్టుకు ఐదుగురు, సాధారణంగా అందులో ప్రధాన స్నైపర్ ఒక్కడే. వాలరెంట్‌లో మన ప్రాంతానికి పై మెట్టు పసిఫిక్ లీగు. అది 2023లో మొదలైనప్పుడు అందులో భారత్ నుంచి చోటు దక్కింది ముంబైకి చెందిన గ్లోబల్ ఈస్పోర్ట్స్ ఒక్కదానికే. అందులోనూ విదేశీ ఆటగాళ్లు ఆడారు. దేశీయ పోటీలు, చిన్న జట్లు వేరే ఉన్నాయి. మన దేశంలో ఈ-స్పోర్ట్స్ సొమ్ము ఎక్కువగా తిరిగేది ఫోన్లలో ఆడే బీజీఎంఐ అనే తుపాకుల ఆట చుట్టూ. కంప్యూటర్ మీద ఆడే స్నైపర్‌కు తలుపులు తక్కువ. ఈ మాట వాడికి నచ్చదు, అయినా చదివి వినిపించండి.

ఏడాది ఆపడానికి నేను ఒప్పుకోను. వాడికి ఒక పేరు చెప్పండి, తెలిసే ఉంటుంది: జైవూ. కౌంటర్ స్ట్రైక్ అనే ఇలాంటి ఇంకో ఆటలో స్నైపర్‌గా పేరు మోసిన ఫ్రాన్స్ కుర్రాడు, అసలు పేరు మాథ్యూ ఎర్బో. పెద్ద జట్ల నుంచి పిలుపులు వస్తున్నా బడి చదువు ముగించి, ఆ తరువాతే 2018లో వైటాలిటీ జట్టులో చేరాడు. మరుసటి ఏడాదే ప్రపంచంలో మొదటి ఆటగాడిగా ఆ ఆట వార్తల వెబ్‌సైటు హెచ్ఎల్‌టీవీ ఎంపిక చేసింది. అందరూ జైవూలు కాలేరు, నిజమే. ఆగితే అవకాశం చచ్చిపోతుందన్న మీవాడి తొందరకు మాత్రం ఇది జవాబు.

నా సలహా ఇలా ఉంటుంది. ఇంటర్ పరీక్షలు, ఈఏపీసెట్ అయ్యేదాకా వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటలు. రాత్రి పదకొండు దాటకూడదు. ఈఏపీసెట్ రాశాక, ఇంజనీరింగు కాలేజీ తెరిచేలోపు కొన్ని వారాలు ఎలాగూ ఖాళీ. ఆ ఖాళీ మొత్తం వాడికిచ్చేయండి. ఆ సమయంలో ర్యాంకు కోసం దొరికినవాళ్లతో ఆడటం మానేసి, ఒకే ఐదుగురితో స్థిరంగా ఒక జట్టు కట్టి, అందరికీ తెరిచి ఉంచే అర్హత పోటీల్లో దిగాలి. ఓడిన ప్రతి రౌండుకూ నోటుపుస్తకంలో ఒక వాక్యం రాయాలి: ఎక్కడ నిలబడ్డాను, పేల్చాక ఎటు వెళ్లాను, వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదు. కాలేజీ తెరిచే ముందు ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరూ రండి. నేను చూసేది గెలుపోటములు కాదు, చివరి పేజీల్లోని తప్పులు మొదటి పేజీల్లోని తప్పులేనా, కొత్తవా అన్నది. కొత్తవైతే బీటెక్ మొదటి ఏడాది చదువుతూనే ఆట కొనసాగించవచ్చు. పాతవే అయితే నా పక్కన కూర్చున్న శిష్యుడి దారి ఉంది. విశ్లేషకులు, కోచ్‌లు, ప్రత్యక్ష ప్రసారంలో ఏ ఆటగాడి తెర చూపించాలో నిర్ణయించే అబ్జర్వర్లు, అందరూ ఈ రంగంలో పనిచేసేవాళ్లే. పదకొండో రౌండులో అలా ఆలోచించగలిగినవాడికి ఆ పని పనికిరాకుండా పోదు.

రెండు జాగ్రత్తలు. ఏదైనా జట్టు కాగితం మీద సంతకం పెట్టమంటే వాడు పెట్టకూడదు. పద్దెనిమిది నిండనివాడి ఒప్పందం మన చట్టం ముందు నిలవదు. మీరూ వకీలుకు చూపించాకే పెట్టండి. రెండోది, మోసపు సాఫ్ట్‌వేర్. 2018లో షాంఘై పోటీలో మన దేశపు జట్టు ఆటగాడొకడు దానితో దొరికిపోయాడు. జట్టునే పోటీ నుంచి తప్పించారు, ఆ తరువాత జట్టే రద్దయింది. తప్పు చేయని మిగతా నలుగురి సంగతి వాడినే ఆలోచించమనండి.

చివరగా కంప్యూటర్. ఇప్పుడే కొనవద్దు. ఇప్పుడున్నదాన్ని వైఫై మీద కాకుండా కేబుల్‌తో నెట్‌కు కలపండి, ఖర్చు కొన్ని వందలే. ఈ ఆటలో కాచుకుని నిలబడ్డవాడికంటే మూల దాటి వచ్చేవాడికి ఎదుటి మనిషి రెప్పపాటు ముందు కనిపిస్తాడు. వాడి కదలిక ముంబైలోని సర్వరుకు చేరి, అక్కడి నుంచి గుంటూరులో మీవాడి తెర మీదికి రావడానికి పట్టే ఆలస్యం అది. కాచుకునేది స్నైపరే కనుక ఎక్కువ నష్టం వాడికే. అది తగ్గించుకున్నాక, ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక, ముందు 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మారే) మానిటర్ ఒక్కటి కొనండి. మిగతా డబ్బాను నోటుపుస్తకం చూశాక మాట్లాడుకుందాం.