హోముల్లో పెరిగినవాళ్లను పిలిచేముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

అత్తయ్య ఆశీస్సులు. పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన ఉత్తరమూ, దానితో పాటు కార్యక్రమ పట్టికా అందాయి. జిల్లాలోని పిల్లల హోముల్లో ఏ మార్పులు రావాలో ప్రతిపాదనలు తయారుచేసే పని నీకు అప్పగించారనీ, ఆ హోముల్లోనే పెరిగి పెద్దవాళ్లయినవారిని ఒక రోజు పిలిచి వాళ్ల మాట వినాలనుకుంటున్నావనీ తెలిసి ఎంతో సంతోషించాను. మన ఆఫీసుల్లో ఈ ఆలోచన అంత త్వరగా ఎవరికీ రాదు. కానీ పట్టిక చూశాక మనసు ఆగలేదు. ఉదయం వాళ్లు తమ అనుభవాలు చెప్పడం, మధ్యాహ్నం అధికారులు చర్చించి తీర్మానించడం అని రాశావు. మధ్యాహ్నం వాళ్లు ఎక్కడ ఉంటారమ్మా? భోజనం పెట్టి పంపేస్తావా? ముందు అది మార్చు. మిగతావన్నీ తరువాత.

పిల్లలను హోముకు పంపాలా వద్దా తేల్చే బాలల సంక్షేమ కమిటీలో పనిచేసిన రోజుల్లో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. హోములో పెరిగిన మనిషికి ఆ హోము ఎలా నడుస్తుందో తెలిసినంతగా, దాన్ని తనిఖీ చేసేవాళ్లకు తెలియదు. మనం పగటిపూట వెళతాం. రిజిస్టర్లు చూస్తాం, పడకలు లెక్కపెడతాం, వంటగదిలో పప్పు రుచి చూసి వస్తాం. రాత్రిపూట మెట్ల దగ్గరి తలుపు గడియ ఏ వైపు పడుతుందో అక్కడ పడుకున్నవాళ్లకే తెలుసు.

గుణుపురంలో ఒక సమావేశం జరిగింది. హోముల్లో సీసీ కెమెరాలు ఎన్ని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అని పెద్దలు మాట్లాడుకుంటున్నారు. మోటారు మెకానిక్కుగా పనిచేసుకుంటున్న ఒక అబ్బాయి, హోములో పెరిగినవాడు, వెనక వరుసలో కూర్చున్నాడు. నువ్వేమంటావు బాబూ అని అడిగితే లేచి నిలబడి, "పిల్లల పెట్టెలకు తాళాలు ఇవ్వండి. తాళంచెవి పిల్లల దగ్గరే ఉండనివ్వండి" అన్నాడు. ఎందుకని అడిగాం. వాళ్ల హోములో ఒక్కొక్కరికి ఒక రేకుపెట్టె ఉండేది. తాళం ఉండేది కాదు. అమ్మ ఇచ్చిన ఫొటో, పండగకు ఎవరో చేతిలో పెట్టిన పది రూపాయలు, చివరికి సబ్బు ముక్క కూడా మిగిలేది కాదు. అందుకని పిల్లలు వస్తువులను పరుపుల కింద, కిటికీ చెక్కల వెనక దాచుకునేవారు. ఏదైనా పోతే తగువు, తగువు పడితే దెబ్బలు. ఫైలులో మాత్రం "ప్రవర్తన సరిగా లేదు" అని ఎక్కేది. ఆ తరువాత అతనే రాత్రుల సంగతి చెప్పాడు. రెండు అంతస్తులకు ఒక్కరే ఆయా. పైఅంతస్తు తలుపుకు బయటినుంచి గడియ. చిన్నపిల్లలు తలుపు కొట్టడానికి భయపడి పక్క తడిపేసేవారు. పొద్దున అందరిముందూ తిట్లు. గడియ లోపలికి మార్చి, ఒక చిన్న దీపం వెలిగించి ఉంచితే ఆ ఏడుపు ఉండదు కదా అన్నాడు. మూడు నెలలకోసారి తనిఖీకి వెళ్లే బృందం ఎన్నేళ్లు తిరిగినా ఈ మాట రాయలేదు. రాయలేకపోయింది వాళ్ల మనసు చెడ్డదై కాదు, వాళ్లు ఆ మెట్ల దగ్గర పడుకోలేదు కాబట్టి.

అందుకే చెబుతున్నాను. "నీ కథ చెప్పు" అని వాళ్లను అడగవద్దు. ఆ కథ వాళ్ల సొంత ఆస్తి. చెప్పాలనిపిస్తే చెబుతారు, లేకపోతే లేదు. నువ్వు అడగవలసింది వాళ్ల అభిప్రాయం. చేరిన మొదటి రాత్రి బిడ్డ పక్కన ఎవరుండాలి? ఒక హోము నుంచి మరో హోముకు మార్చేటప్పుడు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, స్నేహితులకు వీడ్కోలు చెప్పే వీలు ఎలా కల్పించాలి? దాతలు పుట్టినరోజు జరుపుకోవడానికి కేకుతో వస్తే పిల్లలు వరుసలో నిలబడి పాట పాడి, ఫొటో దిగి, ఆ తరువాతే తినాలా? ఇలాంటి ప్రశ్నలకు వాళ్ల దగ్గర సిద్ధంగా జవాబులుంటాయి. వేదిక మీద ఒక అమ్మాయి తన చిన్ననాటి కష్టం చెబుతూ వెక్కివెక్కి ఏడిస్తే సభంతా కళ్లు తుడుచుకోవడం, ఆమెకు శాలువా కప్పి చప్పట్లు కొట్టడం, సాయంత్రానికి ఆమె బస్టాండులో ఒంటరిగా నిలబడి ఉండటం నేను చూశాను. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టిందో లేదో ఆ సభలో ఒక్కరైనా అడిగి తెలుసుకోలేదు. ఆమె చెప్పిన దానివల్ల ఒక్క నియమమూ మారలేదు. నీ సభలో అలాంటిది జరగనివ్వకు.

ఎవరైనా గాయాల గురించి చెప్పాలనుకుంటే దానికి వేరే ఏర్పాటు చెయ్యి. ఆస్ట్రేలియాలో సంస్థల్లో పిల్లలపై జరిగిన లైంగిక దౌర్జన్యాలను విచారించడానికి వేసిన రాయల్ కమిషన్ 2013 నుంచి 2017 దాకా పనిచేసింది. ఆ కమిషన్ 8 వేలమందికి పైగా బాధితులను ఏకాంతంగా కలిసి విన్నది. బహిరంగ విచారణలు వేరు, ఇవి వేరు. మనకు అంత యంత్రాంగం లేకపోవచ్చు, కానీ ఒక గది, ఒక మంచి కౌన్సెలర్, చెప్పింది బయటికి పోదన్న మాట, ఈ మూడూ పర్లాకిమిడిలోనూ దొరుకుతాయి. ఆ కౌన్సెలర్ ఫోను నంబరు ఆ తరువాత కూడా వాళ్ల దగ్గర ఉండాలి. బాధ చాలాసార్లు ఇంటికి వెళ్లాకే పైకి వస్తుంది. ఇంకొక జాగ్రత్త. వాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లు, తమ పేరు చెప్పుకోవడం వాళ్ల ఇష్టం. కానీ వాళ్ల మాటల్లో ఇప్పుడు హోములో ఉన్న పిల్లల ప్రస్తావన వస్తే ఆ పేరు గానీ ఊరు గానీ నీ నివేదికలో కనిపించకూడదు. 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ పిల్లల గుర్తింపు వెల్లడించడాన్ని నేరంగా చూస్తుంది. ప్రెస్సువాళ్లను పిలవాలన్న ఆలోచన ఉంటే మానుకో.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. సభకు వచ్చే అధికారికి జీతం నడుస్తుంది, నిపుణుడికి గౌరవ వేతనం ఇస్తాం. కూలిపని మానుకుని మోహనా నుంచో, ఆర్. ఉదయగిరి నుంచో వచ్చే మనిషికి బస్సు ఖర్చులు కూడా ఇవ్వం, పైగా "మీ పిల్లల మేలు కోసమే కదా" అంటాం. ఇది అన్యాయం. ఆ రోజు కూలి, దారి ఖర్చు, చంటిబిడ్డతో వచ్చే తల్లికి తోడు వచ్చినవాళ్ల ఖర్చు, అన్నీ బడ్జెట్‌లో ముందే వెయ్యి. డబ్బు ఆ రోజే చేతికి ఇవ్వు. బిల్లులు పెట్టుకుని తరువాత తీసుకోండి అంటే ఎవరూ మళ్లీ రారు. రాయగడ వైపు నుంచి వచ్చేవాళ్లకు గుణుపురం–నౌపడ రైలు వేళలు చూసి సమావేశం మొదలుపెట్టు. ఉదయం తొమ్మిదింటికి అంటే కొండ ఊళ్లవాళ్లు ముందురోజే బయలుదేరాలి.

ఎవరిని పిలవాలి? హోము సూపరింటెండెంటును అడిగితే బ్యాంకులో ఉద్యోగం చేస్తున్న అమ్మాయినీ, పోలీసు శాఖలో చేరిన అబ్బాయినీ చూపిస్తారు. వాళ్లనూ పిలువు. కానీ గోడ దూకి పారిపోయినవాళ్ల మాట నీకు ఇంకా ఎక్కువ అవసరం. పద్దెనిమిది నిండగానే పెళ్లి చేసి పంపేసిన ఆడపిల్లలు, ఏ హోటల్లోనో ప్లేట్లు కడుగుతున్నవాళ్లు, మళ్లీ ఆ హోము గేటు చూడటానికి కూడా ఇష్టపడనివాళ్లు ఉంటారు. వాళ్లను కనుక్కోవాలంటే సూపరింటెండెంటు చాలడు. తోటి పిల్లలే దారి చూపిస్తారు. ఒకరిని పట్టుకుంటే ఆ బ్యాచ్ అంతా వాట్సాప్‌లో ఉంటుంది. కోపంగా మాట్లాడేవాళ్లు వస్తే బెదరకు. ఆ కోపం వెనకనున్న కారణం నీ నివేదికకు అవసరం.

తల్లిదండ్రులను కూడా మరిచిపోవద్దు. హోముల్లో ఉన్న పిల్లలందరూ అనాథలు కారు. చాలామందికి తల్లో, తండ్రో, అమ్మమ్మో ఉన్నారు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లిన తండ్రి తిరిగి రాకపోతే, తల్లి ఒంటరిగా సాకలేక, కడుపునిండా తింటాడని, చదువుకుంటాడని బిడ్డను అప్పగించి వస్తుంది. ఆ తల్లిని అడుగు, ఆ రోజు నెలకు ఎంత సాయం అంది ఉంటే బిడ్డను ఇంట్లోనే ఉంచుకునేదానివమ్మా అని. కేంద్ర ప్రభుత్వపు పిల్లల పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్‌గా నెలకు 4,000 రూపాయలు ఇవ్వడానికి వీలుంది. అది తనదాకా ఎందుకు రాలేదో, ఏ కాగితం దగ్గర ఆగిందో ఆమె నీకు వివరంగా చెబుతుంది. బిడ్డను సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం కావాలని బాల న్యాయ చట్టం మూడవ సెక్షన్‌లోనే ఉంది. ఆఖరి మార్గం మొదటి మార్గంగా ఎలా మారుతుందో తెలిసింది ఆ తల్లులకే.

మన ఒడిశా–ఆంధ్ర సరిహద్దు ప్రాంతపు చిక్కు ఒకటి నీ ప్రతిపాదనల్లో తప్పకుండా రావాలి. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగో, సవరో, కువియో మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. హోముకు వచ్చిన సవర బిడ్డకు మొదటి వారం ఆకలి అని చెప్పడానికి కూడా నోరు రాదు. పైగా కాగితాలు. తల్లి ఆధార్ శ్రీకాకుళం జిల్లాది, అందులో ఇంటిపేరు తెలుగు పద్ధతిలో ముందు ఉంటుంది. బడి సర్టిఫికెట్ ఒడియాలో ఉంటుంది, ఇంటిపేరు వెనక ఉంటుంది. బిడ్డ ఆధార్‌లో చిరునామా హోముది. పద్దెనిమిదేళ్లు నిండి బయటికి వచ్చిన రోజున ఆ మూడు కాగితాలూ ఒకే బిడ్డకు సంబంధించినవని నమ్మించడానికి ఆ పిల్లలు కాళ్లరిగేలా తిరుగుతారు. కుల ధ్రువపత్రం లేక స్కాలర్‌షిప్పు పోతుంది, బ్యాంకు ఖాతా తెరవడం ఆలస్యమవుతుంది. చట్టం 46వ సెక్షన్ హోము నుంచి బయటికి వచ్చినవాళ్లకు ఆర్థిక సాయం ఇవ్వవచ్చని చెబుతోంది. ఆ చట్టం కింద కేంద్రం చేసిన నమూనా నియమాల ప్రకారం 21 ఏళ్లదాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 ఏళ్లదాకా అనంతర సంరక్షణ ఇవ్వవచ్చు. ఆ సాయం నిజంగా అందాలంటే ఈ కాగితాలు పదహారో ఏటే సరిచెయ్యాలి. ఎక్కడ ఏ ఆఫీసులో ఏ తేడా అడ్డుపడుతుందో ఆ దారిలో తిరిగినవాళ్లు కౌంటరు కౌంటరుకూ చెప్పగలరు. వాళ్లచేతే ఆ పట్టిక రాయించు. ఈ ఒక్క పని జరిగినా నీ కృషి ఫలించినట్టే అనుకుంటాను.

ఇక, ఒక రోజు పిలిచి పంపితే సరిపోదు. వాళ్లకు కుర్చీ కావాలి. బాలల సంక్షేమ కమిటీ సభ్యత్వం ఇప్పుడే రాదు, దానికి సంబంధిత డిగ్రీ, దానితో పాటు పిల్లల రంగంలో కనీసం 7 ఏళ్ల పని గానీ, ఆ డిగ్రీతో చేస్తున్న వృత్తి గానీ ఉండాలి. కానీ జిల్లా తనిఖీ కమిటీలో పౌరసమాజం నుంచి ఒక సభ్యుడికి నమూనా నియమాలు చోటిచ్చాయి. ఆ చోటులో హోములో పెరిగిన మనిషిని ఎందుకు కూర్చోబెట్టకూడదు? కలెక్టర్‌గారికి పంపే ప్రతిపాదనలో మొదటి అంశంగా అది రాయి. ఒక్కరినే పెడితే పెద్దల మధ్య నోరు మెదపలేరు, ఇద్దరు ఉండేలా అడుగు. హోముల్లో ఆరేళ్లు పైబడిన పిల్లలతో కమిటీలు ఉండాలని 53వ సెక్షన్ చెబుతోంది కదా, అవి చాలాచోట్ల రిజిస్టర్‌లో సంతకాలకే పరిమితం. ఆ పిల్లల కమిటీ సమావేశాలకు నెలకోసారి ఈ పెద్ద పిల్లలు వెళ్లి కూర్చుంటే, సార్ ముందు చెప్పలేనిది అన్న ముందు, అక్క ముందు చెబుతారు. అలా వెళ్లేవాళ్లకు ముందుగా పోలీసు పరిశీలన, కొంత శిక్షణ తప్పనిసరి. హోములో పెరిగారు కదా అని ఆ జాగ్రత్త సడలించవద్దు. పిల్లల భద్రత ముందు ఎవరికీ మినహాయింపు లేదు.

"వీళ్లకు నియమాలు ఏం తెలుసు, చదువు చాలదు" అని నీ పైవాళ్లు అంటారు. నియమాలు వివరించి చెప్పడం మన పని. స్కాట్లాండ్‌లో 2017లో మొదలుపెట్టి 2020లో ముగించిన పిల్లల సంరక్షణ వ్యవస్థ సమీక్ష 5,500కు పైగా అనుభవాలు విన్నది, అందులో సగానికి పైగా సంరక్షణలో పెరిగిన పిల్లలవీ పెద్దలవీ, వాళ్ల కుటుంబాలవీ. పిల్లలకు తమ విషయంలో మాట చెప్పే హక్కు ఉందని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం అంటుంది. ఆ ఒడంబడికను మన దేశం 1992లోనే అంగీకరించింది. పై అధికారులతో మాట్లాడేటప్పుడు ఇవి దగ్గర పెట్టుకో.

ముసాయిదా సిద్ధమయ్యాక సంతకాలకు పంపేముందు వాళ్ల దగ్గరికి తీసుకువెళ్లు. మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవగలిగేది ఒడియానే. ఒడియాలో ఇచ్చి, తెలుగులో చదివి వినిపించు. సవర మాట్లాడేవాళ్ల కోసం వాళ్లలోనే ఒకరిని దుబాసీగా పెట్టి, ఆ పనికీ డబ్బు ఇవ్వు. వాళ్లు చెప్పినదానిలో ఏది తీసుకున్నావో, ఏది తీసుకోలేదో, ఎందుకు తీసుకోలేదో సూటిగా చెప్పు. ఆరు నెలల తరువాత ఏది అమలైందో మళ్లీ ఫోను చేసి చెప్పు.

తేదీ ఇంకా ఖరారు చేయలేదన్నావు. వరికోతలు అయ్యాక పెట్టుకో, లేకపోతే కూలికి వెళ్లేవాళ్లు రాలేరు. కొత్త పట్టిక రాసి పంపు, చూసి చెబుతాను. నేనూ వస్తాను, వెనక కుర్చీలో కూర్చుని వింటాను.

నీ అత్తయ్య,
రాయగడ