బి షిఫ్టు రాత్రులు, జపాన్ ఆట

ప్రశ్న: మాది విజయనగరం. వయసు 36. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. మూడు నెలలుగా ‘పర్సోనా 5’ అనే జపాన్ గేమ్ ఆడుతున్నాను. 45 గంటలయ్యాయి, ఇంకా సగం పైనే ఉందంటున్నారు. బి షిఫ్టు దిగి రాత్రి పదకొండింటికి ఇల్లు చేరి, రెండింటి దాకా ఆడతాను. తొలేళ్లనాడు (పైడితల్లమ్మ సిరిమాను పండగ ముందు రోజు) శ్రీకాకుళం నుంచి మా అక్కావాళ్లు వస్తే, పది నిమిషాలని గదిలోకెళ్లి గంట దాకా బయటికి రాలేదు. అప్పట్నుంచి మా ఆవిడ ముభావంగా ఉంటోంది. "ఆ బొమ్మల్లో పిల్లడిని పరీక్షలకి చదివించడానికి ఖాళీ ఉంది గానీ, మన గుంటకి ఎక్కాలు చెప్పడానికి లేదు" అంటోంది. పాప రెండో తరగతి. ఇది వ్యసనమా? గేమ్ అమ్మేయనా?

జవాబు: మీ ఆవిడ మాటకి ముందు నవ్వొచ్చింది. తర్వాత, ఆ ఆట సంగతి మీకన్నా ఆవిడకే బాగా తెలిసిందనిపించింది. మా మేనల్లుడు సెలవుల్లో ఆడుతుంటే నేనూ పక్కన కూర్చుని చూశాను. టోక్యోలో ఒక హైస్కూలు కుర్రాడు. ఏప్రిల్‌లో మొదలై క్యాలెండర్ రోజురోజుకీ కదులుతుంది. బడి అయ్యాక ఒక పని, రాత్రికి ఒక పని, అంతే. ఒకరితో గడిపితే ఇంకొకరికి ఆ పూట లేనట్టే. పైగా వాడి సంచిలో తిరిగే పిల్లి ఒకటి, "ఇవాళ అలిసిపోయావు, పడుకుందాం" అని రాత్రిళ్లు ఒకటే పోరు. ఆ మాట రాత్రి ఒంటిగంటకి చదివి, బటన్ నొక్కేసి, మీరు మాత్రం మేలుకునే ఉన్నారు!

అమ్మక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని జబ్బుల జాబితాలో చేర్చిన మాట నిజమే, 2022 నుంచి అది అమల్లో ఉంది. కానీ ఆట మీద అదుపు పోయి, మిగతావన్నీ వెనక్కిపోయి, నష్టం కళ్లకు కడుతున్నా ఆపలేని స్థితి మామూలుగా ఏడాది పాటు ఉంటేనే ఆ పేరు పెడతారు. కింద చెప్పినట్టు రెండు నెలలు చేసి చూడండి. అప్పటికీ చేతకాకపోతే సైకియాట్రిస్టుని కలవండి, నామోషీ ఏమీ లేదు.

నాకు అర్థం కానిదొకటి. బి షిఫ్టు వారంలో మీరు మధ్యాహ్నం పన్నెండున్నర దాకా ఇంట్లోనే ఉంటారు కదా. ఆ పొద్దున్నంతా నిద్రకే పోతోంది, పాపని లేపి, జడలు వేసి, ఆటో ఎక్కించే పని మీ ఆవిడ ఒక్కరి నెత్తిన పడుతోంది. ఆవిడ కోపం ఆట మీద కాదు, దీని మీద. రాత్రి రాగానే పడుకోండి. పొద్దున్న పాపని మీరే పంపండి. ఆ తర్వాత మూడు రోజులు గంటన్నర చొప్పున తలుపు తీసిపెట్టి ఆడండి. మిగతా రెండు షిఫ్టుల వారాల్లో వీక్లీ ఆఫ్ నాడు రెండేసి గంటలు చాలు. మూడు వారాలకి ఎనిమిదిన్నర గంటలవుతాయి. వంద గంటల ఆట అనుకున్నా శివరాత్రికి అటూ ఇటూగా ముగుస్తుంది. ముగియకపోతే? పోనివ్వండి, అదేమన్నా బ్యాంకు వాయిదానా.

"పది నిమిషాలు" అని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఆ ఆటలో శత్రువుల కోటల్లోకి దిగాక సేఫ్ రూమ్ అనే గది దొరికితే గానీ ఆట సేవ్ అవదు, మీకు తెలుసు. మీ ఇంట్లోవాళ్లకి తెలీదు. ఎవరైనా పిలిస్తే గేమ్ ఆడే మిషన్‌ని రెస్ట్ మోడ్‌లో పెట్టి లేవండి, ఆట ఆగినచోటే ఉంటుంది. కరెంటు పోతే మాత్రం సేవ్ చేయనిదంతా గోవిందా. ఓ అరగంట ఆట పోయినా ఇంటికొచ్చిన చుట్టాల కన్నా ఎక్కువా?

ఇన్నాళ్ల గ్యాప్‌తో ఆడితే కథ మర్చిపోతానని భయం ఉంటుంది. ఆపే ముందు నోటుబుక్కులో రెండు ముక్కలు రాసుకోండి: ఎక్కడున్నాను, తర్వాత ఎవరిని కలవాలి. సైడ్ క్వెస్టులన్నీ, అంటే అసలు కథకి పక్కన వచ్చే చిన్న పనులన్నీ, చేయాలన్న పట్టుదల వద్దు. ఆదిభట్ల నారాయణదాసు గారి ఊరివారు మీరు, మీకు చెప్పాలా? హరికథలో పిట్టకథ రుచి కోసమే. దాసుగారు రెండు వదిలేసినా రుక్మిణీ కల్యాణం ఆగదు.

పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఆడితే ఇద్దరితో గడిపినట్టుంటుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఈ ఆటకి అమెరికాలో 17 ఏళ్లు నిండినవారికని రేటింగ్ ఇచ్చారు. మొదటి కోటలోనే ఒక టీచరు స్కూలు పిల్లల్ని వేధించే కథ ఉంది. ఎక్కాలు వేరే పూట చెప్పండి, టీవీ కట్టేసి.

ఈ లెక్కంతా మీ ఆవిడతో చెప్పేముందు శ్రీకాకుళం ఫోన్ చేయండి. తొలేళ్లనాడు లోపల ఏం చేస్తున్నారో మీ అక్కకి ఇప్పటికీ తెలియదనుకుంటా.