నాటుకోడి పులుసుకి జర్మనీ వైన్

ప్రశ్న: మా అల్లుడు జర్మనీ నుంచి వస్తూ సన్నగా పొడుగ్గా ఉన్న పచ్చ సీసా ఒకటి తెచ్చాడు. మోజెల్, రీస్లింగ్ కబినెట్, 8.5 శాతం అని రాసుంది. ఆదివారం అందరం కలుస్తున్నాం, రాగి సంగటి, నాటుకోడి పులుసు చేస్తాం. మా కారానికి ఈ వైన్ కుదురుతుందా, లేక చీజ్ లాంటివేమైనా తెప్పించాలా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: చీజ్ ఏమీ వద్దండి, మీ వంట మీరు చేసుకోండి. రీస్లింగ్ అంటే ఒక తెల్ల ద్రాక్ష రకం, కబినెట్ అంటే దానితో చేసిన తేలికపాటి వైన్. మన కారానికి ఏ వైన్ తేవాలని ఎవరడిగినా నేను చెప్పేది సరిగ్గా ఈ వైనే. ఆ 8.5 శాతమే అసలు సంగతి. ఆల్కహాల్ ఎక్కువయ్యేకొద్దీ మిరపకాయ మంట ఇంకా రేగుతుంది, 14 శాతం ఉన్న రెడ్ వైన్ తాగుతూ పులుసు తింటే మంటకు వగరు కూడా తోడై కూర రుచే తెలియకుండా పోతుంది. మీ సీసాలోదైతే, ద్రాక్ష చక్కెర అంతా ఆల్కహాల్‌గా మారకముందే పులియడం ఆపేసి ఉంటారు, అందుకే కాస్త తీపి మిగిలి ఉంటుంది, నోట్లో మంటను తగ్గించేది అదే. అలాగని షర్బత్ అనుకోకండి, పులుపు గట్టిగానే ఉంటుంది. మోజెల్ నది ఒడ్డున నిలబడటానికే కష్టమయ్యే ఏటవాలు కొండల మీద, మన మార్కాపురం పలకల్లాంటి రాతి ముక్కల మధ్య, చలి ప్రాంతంలో ద్రాక్ష నిదానంగా పండుతుంది కాబట్టి ఆ పులుపు పోదు.

గ్లాసులో పోయగానే ముందు వాసన చూడండి, పచ్చి ఆపిల్, నిమ్మ తొక్క, కొంచెం పీచ్ పండు తెలుస్తాయి. మొదటి గుక్కలో నాలుక మీద చిన్నగా చురుక్కుమంటే కంగారు పడొద్దు, కొత్త కబినెట్‌లో అది మామూలే. అడుగున పంచదార పలుకుల్లాంటివి కనిపించినా టెన్షన్ అక్కర్లేదు, అవి ద్రాక్షలో ఉండే ఆమ్లం గడ్డకట్టినవి, హాని లేదు.

పులుసులో నూనె, మసాలా ఎంతున్నా ఈ పులుపు తట్టుకుంటుంది. చెనిక్కాయల ఊరిబిండికి, ఉగ్గాని బజ్జీకి ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం, ముఖ్యంగా వేడి మిరపకాయ బజ్జీకి! ఓళిగలు మాత్రం వైన్ అయిపోయాకే పెట్టండి, అంత తీపి పక్కన ఇది ఉత్త పుల్లగా అనిపిస్తుంది.

ఇక మన ఎండల సంగతి. బీరువా మీద పెట్టి మర్చిపోతే పాడైపోతుంది. తాగే ముందు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి, లేదంటే బకెట్‌లో ఐస్, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసా ముంచితే అరగంటలో చల్లబడుతుంది. గ్లాసులో ఐస్ ముక్కలు మాత్రం వేయొద్దు, పలచబడిపోతుంది. కొంచెం కొంచెంగా పోసుకోండి, తక్కువ శాతమైనా మందు మందే, బండి నడిపేవాళ్లకు వద్దు.

ప్రశ్న: నా దగ్గరున్న రీస్లింగ్ మీద ట్రోకెన్, 12.5 శాతం అని ఉంది. దీనికీ ఇదే పద్ధతా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కాదు. ట్రోకెన్ అంటే తీపి దాదాపు ఉండనిది. గుంటూరు మిరపకాయల జోలికి పోకుండా, పసుపు, ఉప్పు, మిరియాలు పట్టించి వేయించిన చేప మీద నిమ్మరసం పిండి, దానితో తాగండి.